సెల్లుకు స్పీడు పెంచబోతే.. జేబుకు చిల్లు!

* కెర్నెల్ మార్చి ప్రాసెసరును ఉరికించడమే ‘ఓవర్‌క్లాకింగ్’
* పెరిగే వేగం కొంతే.. వేడి మాత్రం అంతకు రెండింతలు
* ఇంటికంతా ఒకే ఫోనైతే ఆ జోలికి పోకపోవడమే మేలు

చింతామణి: ‘‘అన్నా.. ఈ ఫోను చానా స్లో అయిపోయింది. ఏమన్నా చేసి స్పీడు చెయ్యన్నా!’’

పట్టణంలో సెల్లు రిపేరు అంగళ్ల ముందు కాసేపు నిలబడితే చాలు.. ఈ మాట వినిపిస్తుంది. కొందరు తెలుగులో అడుగుతారు. కొందరు కన్నడలో మొదలుపెట్టి తెలుగులో ముగిస్తారు. అడిగే భాష ఏదైనా బాధ ఒకటే. కొన్నప్పుడు గుర్రంలా ఉరికిన ఫోను రెండేళ్లు తిరిగేసరికి ఎద్దులబండి అయిపోయింది. కొత్తది కొందామంటే చేతిలో డబ్బుల్లేవు. ఉన్నదాన్నే ఎట్లాగో ఉరికించాలి.

దానికో దారి ఉంది. ఫోను లోపలి ‘కెర్నెల్’ను మార్చి, ప్రాసెసరును కంపెనీ పెట్టిన హద్దు దాటించి నడపడం. దీన్నే ఓవర్‌క్లాకింగ్ అంటారు. కంప్యూటర్లు తెలిసిన కుర్రకారుకు ఇది పాత విద్యే. వెయ్యి మెగాహెర్ట్జ్ ఫోనును పన్నెండు వందలకు తెచ్చామని స్నేహితుల దగ్గర చెప్పుకోవడం వాళ్లకో సరదా.

సరదా సంగతి సరే. మన ఇళ్లల్లో ఫోను సరదా వస్తువేనా? టమాటా అమ్మిన డబ్బులు పడినట్లు మెసేజీ వచ్చేది దానికే. పాల డబ్బులు వచ్చాయో లేదో చూసేది దాంట్లోనే. 2023 ఆగస్టులో మొదలైన గృహలక్ష్మి కింద ఇల్లాలి ఖాతాలో రూ.2 వేలు జమైతే తెలిసేదీ దానివల్లే. 2020లో కరోనా వచ్చి బళ్లు మూతపడినప్పుడు పిల్లలు పాఠాలు విన్నదీ ఆ ఒక్క ఫోనులోనే. అలాంటి ఫోను గుండెకాయను మార్చే ముందు లాభమెంతో, నష్టమెంతో లెక్క వేసుకోవాలి కదా! ఆ లెక్కే ఈ కథనం.

పైన పొట్టు.. లోపల గింజ

కెర్నెల్ అంటే ఇంగ్లీషులో గింజ. గింజ పైన ఉండే పొట్టు షెల్. శెనక్కాయ పండించే మనవాళ్లకు ఇంతకన్నా తేలికైన పోలిక దొరకదు. కంప్యూటరు విద్యలోనూ ఇవే పేర్లు. మనం ఆదేశాలిచ్చే పై పొర షెల్. లోపల యంత్రంతో నేరుగా మాట్లాడేది కెర్నెల్.

తెర మీద వేలు పెట్టినా, కెమెరా తెరిచినా, ఫోను మోగినా కబురు ముందు వెళ్లేది కెర్నెల్ దగ్గరికే. ఏ పనికి ప్రాసెసరును ఎంతసేపు ఇవ్వాలి, మెమరీలో ఎంత చోటివ్వాలి, బ్యాటరీ నుంచి ఎంత కరెంటు లాగాలి.. ఈ పెత్తనమంతా దానిదే.

ఆండ్రాయిడ్ ఫోన్లలో ఉండే కెర్నెల్ పేరు లైనక్స్. 1991లో ఫిన్లాండ్‌లో లైనస్ టోర్వాల్డ్స్ అనే 21 ఏళ్ల విద్యార్థి మొదలుపెట్టాడు. ఎవరైనా చూడొచ్చు, మార్చుకోవచ్చు, పంచుకోవచ్చు అంటూ దాని మూలాన్ని లోకానికి వదిలేశాడు. ప్రపంచం నలుమూలల నుంచి వేలమంది దానికి చేర్పులు చేశారు. ఇవాళ పెద్ద పెద్ద సర్వర్ల నుంచి మన జేబులోని సెల్లు దాకా నడిపిస్తున్నది అదే. మూలం బయట ఉంది కాబట్టే ఫోను కెర్నెల్‌ను మార్చే వీలు దొరికింది.

లారీకే కాదు.. సెల్లుకూ గవర్నరు

లారీలకు, స్కూలు బస్సులకు బిగించే స్పీడ్ గవర్నరు మనకు తెలిసిందే. ఫోను కెర్నెల్‌లోనూ ఒక గవర్నరు ఉంటుంది. పేరూ అదే, పనీ దాదాపు అదే.

ప్రాసెసరు ఎప్పుడూ ఒకే వేగంతో నడవదు. ఒక మెగాహెర్ట్జ్ అంటే సెకనుకు పది లక్షల టిక్కులు. ఒక గిగాహెర్ట్జ్ అంటే వంద కోట్ల టిక్కులు. ఫోను జేబులో ఊరికే ఉన్నప్పుడు అన్ని టిక్కులు కొట్టడం దండగ. అందుకే కెర్నెల్‌లో ఒక పట్టీ రాసి ఉంటుంది. ఫలానా వేగానికి ఫలానా ఓల్టేజీ అని మెట్లు మెట్లుగా రాసిన పట్టీ అది. పని ఎక్కువైతే గవర్నరు పై మెట్టుకు పోతుంది. పని తగ్గితే కిందికి దిగుతుంది.

గవర్నర్లలోనూ రకాలున్నాయి. ‘పెర్ఫార్మెన్స్’ ఎప్పుడూ పై మెట్టు మీదే కూర్చుంటుంది. ‘పవర్‌సేవ్’ కింది మెట్టు దిగదు, ఎక్కదు. అవసరాన్నిబట్టి ఎక్కి దిగే ‘ఆన్‌డిమాండ్’ 2004లో లైనక్స్‌లో చేరింది. ఆ ఫైలు తలభాగంలో రాసిన వాళ్ల పేర్లుంటాయి. అందులో వెంకటేశ్ పల్లిపాడి అనే మన దేశపు పేరూ ఉంది. అప్పట్లో ఆయన ఇంటెల్ ఉద్యోగి. తొలినాటి ఆండ్రాయిడ్ ఫోన్లలో చాలావాటిని నడిపింది ఈ ఆన్‌డిమాండే. 2016లో లైనక్స్‌లోకి ‘షెడ్‌యుటిల్’ అనే కొత్త గవర్నరు వచ్చింది. ఇటీవలి ఫోన్లలో ఎక్కువగా కనిపించేది అదే.

ఓవర్‌క్లాకింగ్ అంటే మంత్రమేమీ కాదు. కంపెనీ రాసిన పట్టీకి పైన ఇంకో మెట్టు, రెండు మెట్లు చేర్చి కెర్నెల్‌ను మళ్లీ తయారు చేయడమే. వేగం పెంచితే పాత ఓల్టేజీ చాలదు. దాన్నీ కొంచెం పెంచి రాస్తారు. తిప్పలు మొదలయ్యేది అక్కడే.

తొలి ఫోనుతోనే మొదలు

ఈ విద్య ఆండ్రాయిడ్‌తోపాటే పుట్టింది. 2008 అక్టోబరులో అమెరికాలో అమ్మకానికొచ్చిన తొలి ఆండ్రాయిడ్ ఫోను హెచ్‌టీసీ డ్రీమ్. అందులోని క్వాల్‌కామ్ చిప్ సత్తా 528 మెగాహెర్ట్జ్. బ్యాటరీ మిగలాలని దాన్ని 384 దగ్గర కట్టేసి అమ్మారు. కట్టు విప్పడం ఎంతసేపు? కెర్నెల్ మార్చి 528కి తీసుకెళ్లారు.

అసలు సందడి 2009 నవంబరులో వచ్చిన మోటరోలా డ్రాయిడ్‌తో. దాంట్లో వాడింది టెక్సాస్ ఇన్‌స్ట్రుమెంట్స్ వారి చిప్. 1985లోనే బెంగళూరులో కార్యాలయం తెరిచిన సంస్థ అది. మన బస్టాండు నుంచి బస్సెక్కితే పూటలో చేరే ఊరు. 600 మెగాహెర్ట్జ్ ఆ చిప్‌ను మోటరోలా 550 దగ్గర నడిపితే, ఔత్సాహికులు దాన్ని ఒక గిగాహెర్ట్జ్ దాటించారు. అంటే దాదాపు రెట్టింపు.

అదే ఫోను మన దేశానికి ‘మైల్‌స్టోన్’ పేరుతో వచ్చింది. కానీ దానికి బూట్‌లోడర్ తాళం వేసి పంపారు. కంపెనీ ముద్ర లేని కెర్నెల్‌ను లోపలికి రానివ్వదు. కుర్రకారు ఊరుకున్నారా? గుమ్మం మూసి ఉంటే కిటికీ వెతికారు. కెర్నెల్‌ను మార్చకుండానే, నడుస్తున్న కెర్నెల్‌లోకి ఒక చిన్న ముక్కను జొప్పించి వేగం పట్టీని తిరగరాశారు.

అదే కాలంలో స్టీవ్ కొండిక్ అనే ఆయన మొదలుపెట్టిన సయనోజెన్‌మాడ్ ప్రపంచమంతా పాకింది. కంపెనీ ఇచ్చిన ఆండ్రాయిడ్ తీసేసి దీన్ని వేసుకునేవారు. 2016 డిసెంబరులో అది మూతపడింది. దాని వారసత్వం లీనియేజ్ ఓఎస్ పేరుతో కొనసాగుతోంది.

డబ్బాలు.. డబ్బాలుగా తెలుగు

మన ప్రాంతానికి ఈ విద్య వేగం కోసమే రాలేదు. అక్షరం కోసం కూడా వచ్చింది.

తొలినాటి ఆండ్రాయిడ్ ఫోన్లు చాలావాటిలో తెలుగు కనిపించేది కాదు. కన్నడమూ అంతే. అక్షరాల చోట వరసగా ఖాళీ డబ్బాలు. ఇంట్లో తెలుగు, బడిలో కన్నడం చదువుకునే చింతామణి, బాగేపల్లి పిల్లలకు రెండు భాషలూ డబ్బాలే! ఓపెరా మినీ బ్రౌజరులో ఒక సెట్టింగు మార్చుకుని పేపరు చదివినవాళ్లు ఇప్పటికీ గుర్తుంచుకునే ఉంటారు. అది చాలనివాళ్లు ఫోనును ‘రూట్’ చేసి తెలుగు ఫాంటు ఎక్కించుకున్నారు. రూట్ చేయడమంటే ఫోనుపై పూర్తి యజమాని హక్కు తీసుకోవడం. అలా అక్షరం కోసం తాళం తీసిన చేతులే తర్వాత వేగం వైపు మళ్లాయి.

2011లో వచ్చిన శామ్‌సంగ్ గెలాక్సీ వై అప్పట్లో కుర్రాళ్ల చేతుల్లో బాగా కనిపించేది. ఒకే కోరు, 832 మెగాహెర్ట్జ్. ఇలాంటి చిన్న ఫోన్లకు కూడా మార్చిన కెర్నెళ్లు ఇంటర్నెట్‌లో పుట్టుకొచ్చాయి. ఫోను చిన్నదైనకొద్దీ స్పీడు యావ ఎక్కువ!

ఈ విలేకరికీ ఆ యావ తగలకపోలేదు. బీఏ ముగించి కొత్తగా ఉద్యోగంలో చేరిన రోజులు. సెకండు హ్యాండులో కొన్న ఒక సింగిల్ కోర్ ఫోను. కంపెనీ పేరెందుకులెండి, తప్పు కంపెనీది కాదు. ఒక రాత్రంతా మేలుకుని కెర్నెల్ మార్చడమైంది. 800 చిల్లర మెగాహెర్ట్జ్ ఉన్నది వెయ్యి దాటింది. మొదటిరోజు సంబరమే సంబరం. మెనూలు జారుతున్నాయి, ఫొటోలు చకచకా తెరుచుకుంటున్నాయి.

రెండోరోజు బెంగళూరు బస్సులో జేబు కాలుతోంది. మూడోరోజు మాట్లాడుతుండగానే తెర నల్లబడి మళ్లీ మొదలైంది. వారం తిరగకముందే ఒక పల్లె జాతరకు వెళ్లి తీసిన ఫొటోలు ఆఫీసుకు పంపబోతే సగం తెరుచుకోలేదు. తెరుచుకున్నవాటిలో సగం బొమ్మ, సగం బూడిద రంగు. ఫొటో తీస్తుండగా ఫోను బిగుసుకుపోవడంతో ఫైళ్లు చెడిపోయాయి. జాతర మళ్లీ ఏడాదికి గానీ రాదు.

ఫోను పట్టుకుని రిపేరు అంగడికి పరుగు.

‘‘ఏం చేసినారు సార్ దీనికి?’’

‘‘స్పీడు పెంచినాను తమ్ముడూ.’’

‘‘ఎంత పెంచినారు?’’

చెప్పగానే ఆ కుర్రాడు నవ్వాడు. ‘‘సార్, మీరు ఫొటోలు తీసి పంపాల. వార్త రాయాల. దానికి ఇంత స్పీడు ఎందుకు సార్? పాతదే ఎక్కిస్తాను, గంట కూర్చోండి’’ అన్నాడు. గంటలో పాత కెర్నెల్ ఎక్కించి ఇచ్చాడు. ఫోను బతికింది. ఫొటోలు రాలేదు.

బోరు మోటరు లెక్క

ఎందుకిలా జరుగుతుంది? బోరు మోటరు వైండింగు కాలిన రైతుకు చెప్పనవసరం లేదు. యంత్రం తట్టుకునేదానికన్నా ఎక్కువ లాగిస్తే వేడి పుడుతుంది. వేడి పోయే దారి లేకపోతే ఏదో ఒకటి కాలుతుంది.

ప్రాసెసరుకూ ఒక లెక్కుంది. అది పనిచేసేటప్పుడు తినే కరెంటు వేగంతోపాటు పెరుగుతుంది. ఓల్టేజీ వర్గంతో కూడా పెరుగుతుంది. వర్గమంటే అదే సంఖ్యను అదే సంఖ్యతో గుణించడం. ఉదాహరణకు వేగాన్ని 1000 నుంచి 1200 మెగాహెర్ట్జ్‌కు పెంచామనుకుందాం. అంటే 20 శాతం. అందుకోసం ఓల్టేజీని 1.0 నుంచి 1.1కు, అంటే పది శాతం పెంచామనుకుందాం. 1.1ను 1.1తో గుణిస్తే 1.21. దాన్ని 1.2తో గుణిస్తే 1.45. వేగం 20 శాతం పెరిగితే కరెంటు ఖర్చు, వేడి 45 శాతం పెరిగాయన్నమాట.

పోనీ ఆ 20 శాతం వేగమైనా పూర్తిగా చేతికొస్తుందా? అదీ రాదు. ఒక యాప్ తెరుచుకోవడానికి ఐదు సెకన్లు పడుతోందనుకోండి. అందులో సగం సమయం స్టోరేజీ నుంచి ఫైళ్లు తేవడానికే పోతుందనుకుందాం. ప్రాసెసరు స్పీడు పెంచితే మిగతా రెండున్నర సెకన్లే కాస్త తగ్గుతాయి. మొత్తం మీద మిగిలేది అర సెకను కూడా ఉండదు. ఆ అర సెకనుకు సాయంత్రం దాకా రావలసిన బ్యాటరీ మధ్యాహ్నానికే అయిపోతే ఎవరికి లాభం?

పైగా ఫోనుకు ఫ్యాను ఉండదు. వేడి ఎక్కువైతే ఫోనే తనంతట తాను వేగం తగ్గించుకుంటుంది. మనం పైకి తోస్తే అది కిందికి దిగుతుంది. ఏప్రిల్, మే ఎండల్లో బైకు మీద పెట్టుకుని దారి చూస్తూ పోతే మామూలు ఫోనే కాలుతుంది. ఓవర్‌క్లాక్ చేసిన దాని సంగతి చెప్పాలా? ఫోనులోని లిథియం బ్యాటరీకి వేడి పడదు. వేడి తగిలినకొద్దీ దాని ఆయుష్షు కరుగుతుంది.

ఇంకో సంగతి. పక్కవాడి ఫోను 1200 తట్టుకుంది కదా, అదే మోడలు నాదీ తట్టుకుంటుందని అనుకోవడానికి వీల్లేదు. ఒకే చేనులో పీకిన కాయలన్నీ ఒకే తీరుగా ఉండవు. ఒకే పలకపై తయారైన చిప్‌లు కూడా అంతే. కొన్ని గట్టివి, కొన్ని మెత్తనివి. అన్నీ బతికే వేగమేదో చూసి కంపెనీ హద్దు గీస్తుంది. ఆ హద్దు దాటాక ఎవరి అదృష్టం వారిది.

తాళం తీస్తే తలుపులు మూత

పదేళ్ల కిందట ఈ ప్రయోగాలకు పోతే వేడి, బ్యాటరీ, వారంటీ.. ఈ మూడే భయాలు. ఇప్పుడు నాలుగోది వచ్చింది. అదే అన్నిటికన్నా పెద్దది.

కెర్నెల్ మార్చాలంటే ముందు బూట్‌లోడర్ తాళం తీయాలి. తాళం తీయగానే ఫోనులోని ఫొటోలు, నెంబర్లు, సమస్తం చెరిగిపోతాయి. పాత యజమాని గుట్టు కొత్తవాడి చేతిలో పడకూడదని అలా పెట్టారు. కొన్ని కంపెనీలు దరఖాస్తు పెట్టి, రోజుల తరబడి ఆగితే గానీ తీయనివ్వవు. కొన్ని అసలే తీయనివ్వవు. శామ్‌సంగ్ 2013 నుంచి తన పెద్ద ఫోన్లలో ‘నాక్స్’ పేరుతో ఒక ఫ్యూజు పెట్టింది. కంపెనీది కాని కెర్నెల్ ఎక్కితే అది కాలిపోతుంది. తర్వాత కంపెనీ కెర్నెల్‌నే మళ్లీ ఎక్కించినా ఆ ఫ్యూజు తిరిగి అతుక్కోదు.

ఇక బ్యాంకుల వంతు. రూట్ చేసిన ఫోనులో దొంగ యాప్ ఏదైనా చేరితే రహస్య నెంబర్లన్నీ దానికి కనిపించే ప్రమాదముంది. అందుకే 2021 ఫిబ్రవరిలో రిజర్వు బ్యాంకు ఇచ్చిన డిజిటల్ చెల్లింపుల భద్రతా ఆదేశాల్లో ఈ సంగతీ చేర్చింది. ఫోను రూట్ అయిందేమో యాప్ పరీక్షించి, అయి ఉంటే పనిచేయకుండా ఆపే వీలును పరిశీలించవచ్చని బ్యాంకులకు చెప్పింది. గూగుల్ కూడా ‘ప్లే ఇంటెగ్రిటీ’ అనే పరీక్ష పెట్టింది. ఫోను కంపెనీ పంపినట్టే ఉందా, తాళం తీశారా అని యాప్‌లు దాన్ని అడిగి తెలుసుకోవచ్చు.

ఫలితమేమిటంటే.. కెర్నెల్ మార్చిన ఫోనులో చాలా బ్యాంకు యాప్‌లు తెరుచుకోవు. కూరగాయల అంగడిలో కోడు స్కాన్ చేయబోతే ‘ఈ ఫోనులో కుదరదు’ అంటాయి. ఈ పరీక్షల కన్నుగప్పే ఉపాయాలు కొందరు కనిపెడుతూనే ఉన్నారు. ఒకటి పనిచేస్తే నాలుగు రోజులకు దానికి గండి పడుతుంది. ఇల్లు నడిపే ఫోనుతో ఆడే దొంగాపోలీసు ఆట కాదది.

పని మధ్యలో కరెంటు పోయినా, వేరే మోడలు కెర్నెల్ ఎక్కించినా ఫోను అసలు లేవకపోవచ్చు. ఈ పని తెలిసినవాళ్లు దాన్ని ‘బ్రిక్ అయింది’ అంటారు. బ్రిక్ అంటే ఇటుక. చేతిలో పట్టుకోవడానికి తప్ప దేనికీ పనికిరాదని అర్థం.

పెంచడం కాదు.. తగ్గించడమే లాభం

అయితే కెర్నెల్ మార్చే విద్య అంతా దండగేనా? కాదు. దాని మేలు ఇంకో వైపు ఉంది.

ఇందాకటి లెక్కనే తిరగేసి చూడండి. వేగం అలాగే ఉంచి ఓల్టేజీని 1.0 నుంచి 0.9కి తగ్గిస్తే? 0.9ని 0.9తో గుణిస్తే 0.81. అంటే అదే పనికి 19 శాతం తక్కువ కరెంటు, తక్కువ వేడి. దీన్ని ‘అండర్‌వోల్టింగ్’ అంటారు. పాత ఫోన్ల కెర్నెళ్లు చాలావాటిలో ఈ సదుపాయం ఉండేది. ఓవర్‌క్లాకింగ్‌కు వచ్చినంత పేరు దీనికి రాలేదు. ఉరికేవాడిని చూసినట్టు పొదుపు చేసేవాడిని ఎవరు చూస్తారు! మరీ తగ్గిస్తే ఇదీ ఫోనును బిగుసుకుపోయేలా చేస్తుంది. ఒక్కో మెట్టే దిగుతూ, రోజులపాటు పరీక్షించుకోవాలి. కొత్త చిప్‌లలో మాత్రం ఓల్టేజీని చాలావరకు చిప్పే సర్దుకుంటుంది. మనం వేలు పెట్టడానికి చోటు తక్కువ.

ఇప్పటి ఫోన్లకు ఓవర్‌క్లాకింగ్ అవసరమూ తగ్గింది. 2011లో ఆర్మ్ సంస్థ ‘బిగ్.లిటిల్’ పద్ధతిని ప్రకటించింది. చిన్న పనులకు చిన్న కోర్లు, బరువు పనులకు పెద్ద కోర్లు. తోటలో నాలుగు మడులకు నీళ్లు మళ్లించడానికి పార, ఎకరాల చేను దున్నడానికి ట్రాక్టరు అన్నట్టు. ఎనిమిది కోర్ల ఫోను నెమ్మదిగా ఉందంటే తప్పు స్పీడుది అయ్యే అవకాశం తక్కువ.

మరి తప్పు ఎవరిది? ఒక పెద్ద కంపెనీ కథ చెబుతుంది. బ్యాటరీ పాతబడిన ఐఫోన్లు ఉన్నట్టుండి ఆగిపోకుండా వాటి వేగాన్ని తామే తగ్గిస్తున్నామని 2017 డిసెంబరులో ఆపిల్ ఒప్పుకుంది. జనం మండిపడ్డారు. కంపెనీ క్షమాపణ చెప్పి, అమెరికాలో బ్యాటరీ మార్పిడి ధరను 79 డాలర్ల నుంచి 29 డాలర్లకు దించింది. కొత్త బ్యాటరీ వేయించుకున్నవారి ఫోన్లు మళ్లీ పాత వేగం అందుకున్నాయి. ప్రాసెసరు ముసలిదవలేదు. ముసలిదయింది బ్యాటరీ!

మూలం అడగడం మన హక్కు

మార్చిన కెర్నెళ్ల వల్ల జరిగిన అసలు మేలు వేరే ఉంది. కంపెనీ వదిలేసిన ఫోన్లకు అవి ఆయుష్షు పోశాయి. కంపెనీ రెండు మూడేళ్లు అప్‌డేట్లు ఇచ్చి చేతులు దులుపుకొన్నాక, ఆ ఫోన్లకు కొత్త ఆండ్రాయిడ్ ఎక్కించి ఇంకొన్నేళ్లు నడిపిస్తున్నది లీనియేజ్ ఓఎస్ లాంటివే.

ఇది జరగాలంటే ఆ ఫోను కెర్నెల్ మూలం బయటికి రావాలి. లైనక్స్‌ను ఇచ్చిన ‘జీపీఎల్’ లైసెన్సు షరతే అది. కెర్నెల్‌ను వాడుకుని అమ్మినవాడు, మార్పులతో సహా దాని మూలాన్ని కొన్నవాడికి అందుబాటులో పెట్టాలి. ఇది ఉత్త నీతివాక్యం కాదు. జర్మనీకి చెందిన లైనక్స్ ప్రోగ్రామరు హరాల్డ్ వెల్టే ఒక రూటర్ల కంపెనీ మీద కేసు వేస్తే, ఈ లైసెన్సు చెల్లుతుందని 2004లో మ్యూనిక్ కోర్టు తేల్చింది.

అయినా చాలా చౌక ఫోన్ల కెర్నెల్ మూలం ఎన్నడూ బయటికి రాలేదు. పేదవాడు కొనే ఫోనుకే ఎక్కువ ఆయుష్షు కావాలి. మూలం దొరకనిది కూడా దానికే. నాలుగేళ్లకే చెత్తబుట్టలో పడేదీ అదే. స్పీడు కోసం చేసే హడావుడిలో సగం ఈ హక్కు కోసం చేస్తే మన జేబులకు ఎక్కువ మేలు.

నేర్చుకోవాలనుకునే పిల్లలు తప్పకుండా నేర్చుకోవాలి. కెర్నెల్ లోపల ఏముందో తెలుసుకున్నవాడికి రేపు బెంగళూరులో ఉద్యోగానికీ పనికొస్తుంది. కాకపోతే అమ్మ ఫోను మీద వద్దు. ఇంట్లో మూల పడి ఉన్న పాత ఫోను తీసుకోండి. సిమ్ తీసేయండి. బ్యాంకు యాప్‌లు తీసేయండి. ఆ తర్వాత మీ ఇష్టం.

ఫోను నెమ్మదించిందా? ముందు ఇవి చూడండి

* స్టోరేజీ నిండిందేమో చూడండి. వాట్సాప్‌లో పేరుకుపోయిన గుడ్ మార్నింగ్ బొమ్మలు, వీడియోలు తీసేయండి. ఐదో వంతు చోటైనా ఖాళీగా ఉంచుకోండి.
* వాడని యాప్‌లు తొలగించండి. వెనకాల నడిచేవి మెమరీని తింటూనే ఉంటాయి.
* ఫోను ఉన్నట్టుండి ఆగుతున్నా, చార్జి గబగబా దిగుతున్నా బ్యాటరీ మార్పించండి. ఉబ్బిన బ్యాటరీని ఒక్కరోజు కూడా వాడవద్దు.
* చార్జింగులో పెట్టి ఆటలాడకండి. ఎండలో ఉంచకండి.
* అన్నీ చేశాకా మారకపోతే, ఫొటోలు, నెంబర్లు వేరేచోట దాచుకుని ఫ్యాక్టరీ రీసెట్ చేయించండి.

కెర్నెల్ మార్చే ముందు..

* మీ మోడలు నెంబరు అక్షరం పొల్లుపోకుండా సరిచూసుకోండి. ఒక్క అక్షరం తేడా ఉన్నా వేరే ఫోను కిందే లెక్క.
* ఉన్న కెర్నెల్‌ను, డేటాను ముందు బ్యాకప్ తీసుకోండి. వెనక్కి వచ్చే దారి చూసుకున్నాకే ముందుకు పోండి.
* చార్జి నిండుగా ఉంచుకోండి. కంప్యూటరుకు కలిపి చేస్తుంటే కరెంటు కోతల వేళ పని మొదలుపెట్టకండి.
* వేగాన్ని ఒక్కో మెట్టే పెంచండి. ఫోను ఆన్ అవగానే ఆ వేగమే అమలయ్యే సెట్టింగును, రోజుల తరబడి పరీక్షించాకే పెట్టండి. లేకుంటే ఫోను లేవడం, పడిపోవడం.. అదే పని!
* ఫోను కాలుతుంటే పాత వేగానికి వచ్చేయండి. అందులో చిన్నతనమేమీ లేదు.